పిలుపుగుండు కాడ పలకని పిల్ల

పిలుపుగుండు పేరు నా ముంగట ఎత్తకుండ్రి. ఆ పేరు వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది.

పొద్దుగాల టిఫిన్ కాడ మీరు గుసగుస పెట్టుకున్నది నా చెవినబడ్డది. వచ్చే శనివారం గాడికి పోతరంట, టెంట్లల్ల పండుకుంటరంట. పోండ్రి, నేనేం కాళ్ళు పట్టుకుని ఆపను. కాని ఆ గుట్ట మీద ఏమైందో తెల్సుకుని పోండ్రి. ఇట్ల కూసొండ్రి. నడుమ ఎవ్వలు నోరు తెరవొద్దు.

వికారాబాద్ దాటి, తారు రోడ్డు ఒడిసినంక, మట్టి తొవ్వల ఇంకో ఎనిమిది కిలోమీటర్లు గుట్ట ఎక్కాలె. చుట్టూ అడవి. మనిషి సప్పుడు ఉండదు. నడుమ జర జాగ సాపు చేసి పన్నెండు టెంట్లు వేసిండ్రు. టెంట్లకు పైదిక్కు ఒక పెద్ద బండ... గదే పిలుపుగుండు. పొద్దుగూకినంక ఆ బండ మీద తెల్లచీర కట్టిన ఆడది లాంతరు పట్టుకుని తిరుగుతదంట. చెట్ల సందుల నిలబడి పేరు పెట్టి పిలుస్తదంట. పలికినోళ్ళు మల్ల ఇల్లు చేరలేదంట.

చెప్పేటోళ్ళందరు అంట, అంట అనేటోళ్ళే. చూసినోడు ఒక్కడు లేడు. కాని ధాత్రి చూసింది. మీరు కూసున్న గీ గదిలనే, ఆ కిటికీ పక్క మంచం మీద ఉండేది ఆ పిల్ల. నేను చెప్పేదాంట్ల సగం నా కండ్లతోని చూసింది, సగం ఆడున్నోళ్ళ నోటినుంచి విన్నది.

మైత్రీవనం ఎన్క గల్లీల స్వరాజ్యం హాస్టల్ ఏడ అంటే ఆటోవాళ్ళు సుత చెప్తరు. పదకొండేండ్ల సంది నడుపుతున్న. నాకు ఒక నియమం ఉండె. రాత్రి పదికి గేటు తాళం, హాజరు. పదికి మంచం మీద లేని పిల్ల తండ్రికి ఫోన్ పోవుడే. జిల్లాలల్లకెల్లి బిడ్డలను పంపే తండ్రులు ఆ ఒక్క ఫోన్‌ను నమ్మే నా కాడ ఉంచుతుండిరి.

ఒకసారి అనుపమ అనే పిల్ల పదకొండున్నరకు వచ్చింది. నేను ఫోన్ చేసిన. తెల్లారేసరికి తండ్రి దిగి, పెట్టె సర్దించి తీసుకపోయిండు. కోర్సు ఒడిసేటందుకు ఇంక పది రోజులే ఉండె. పిల్లలు వారం రోజులు నాతోని మాట్లాడలే. మాట్లాడకుంటే మాయె అనుకున్న, నియమం నియమమే.

దానికి మీ అసొంటోళ్ళు ఒక మందు కనిపెట్టిండ్రు. నేను పేరు పిలుస్త, పిల్ల ఉండదు. పక్క మంచం పిల్ల సప్పున అందుకుంటది, ఉన్నదక్కా, బాత్రూంల ఉన్నది అని. నాకు తెల్వదా ఏంది? ఒక్క బాత్రూంల ఏడుగురు ఎట్ల పడ్తరే?

ధాత్రిది సిద్దిపేట దిక్కు పల్లె. తండ్రి పోచయ్య, మిల్లుల బస్తాలు మోస్తడు. చేర్పించేటప్పుడు బిడ్డ ముంగటనే నాతోని అన్నడు, "అక్కా, నా బిడ్డ మీద ఒక్క మాట వినబడ్డా చాలు. గా పొద్దే తీసుకపోత, ఇగ చదువు లేదు." ఆ పిల్ల తలకాయ వంచుకుని నిలబడ్డది. నేను ఫికర్ చెయ్యకుండ్రి అన్న.

పక్క మంచం సెరీనాది. ఖమ్మంల పాస్టరు క్రీస్తుదాసు బిడ్డ. ప్రార్థన చెయ్యకుంట అన్నం ముట్టదు. అసొంటి పిల్ల సుత బాత్రూం అబద్ధం కండ్లార్పకుంట చెప్తది. ఇద్దరు ఒక్క కోచింగ్ సెంటర్లనే చదువుతుండిరి. ఆ సెంటర్ల విజయేందర్ అని ఒక సారు. కోర్సు అయిపోవస్తుంది, పిల్లలకు జర హుషారు రావాలె అని ముప్పైమందిని రెండు వ్యాన్లల్ల ఎక్కించుకుని పిలుపుగుండు కాడికి క్యాంపింగ్‌కు తీసుకపోయిండు. నిండు వానకాలంల. ఆయన దిమాక్ గట్లుంటది.

సెరీనా ఇంట్ల అడిగి, నాకు చెప్పే పోయింది. పోచయ్యను అడిగితే పంపడు. అందుకని ధాత్రి నాకు ఊరికి పోతున్న అని చెప్పింది. ఊళ్ళె తండ్రికి హాస్టల్లనే ఉన్న అని చెప్పింది. నేను రిజిస్టర్ల 'ఊరికి' అని నా చేతితోనే రాసుకున్న.

ఆ రాత్రి మంట చుట్టూ పిల్లలందరిని కూసోబెట్టి ఆ క్యాంపు మేనేజరు కథ మొదలుపెట్టిండట. తెల్లచీర... లాంతరు... పోయినోళ్ళ పేర్లు. ఆఖరుకు గొంతు తగ్గించి అన్నడట, "రాత్రి మీ పేరు పెట్టి ఎవ్వలు పిలిచినా పలకొద్దు. మీ అమ్మ గొంతైనా సరే... పలకొద్దు." పిల్లలు ఒకల చెయ్యి ఒకలు పట్టుకున్నరు. వాని నోట్ల మన్ను వడ.

తొమ్మిదైంది. రోజు తొమ్మిదికి ధాత్రి తండ్రికి ఫోన్ చెయ్యాలె. చెయ్యకుంటే ఆయన నాకు చేస్తడు. టెంట్ల కాడ సిగ్నల్ లేదు, పైన బండ మీదనే వస్తది. సెరీనాను తోడు రమ్మన్నది. ఆ పిల్ల అప్పుడే గా కథ విని వణుకుతున్నది, రానన్నది. ఏం చేస్తది... ఫోన్ లైటు వేసుకుని ఒక్కతే ఎక్కింది. బండ మీద నిలబడి, "తిన్న నాయినా, హాస్టల్లనే ఉన్న, పండుకుంటున్న" అని చెప్పింది.

ఫోన్ పెట్టెయ్యంగనే వాన. మామూలు వాన కాదు, కుండలతోని కుమ్మరించిన వాన. ధాత్రి బండ కిందికి జరిగి నక్కింది. జర తగ్గినంక దిగుదామనుకున్నది. వాన హోరుకు కింది సప్పుడు ఏం వినబడలే.

కింద టెంట్లల్లకు నీళ్ళు వచ్చినయ్. వాగు పొంగితే తొవ్వ తెగుతదని డ్రైవర్లు అరిచిండ్రు. విజయేందర్ సారు గాయిగాయి అయ్యి, ఎక్కుండ్రి, ఎక్కుండ్రి, హైదరాబాద్ పోదాం అన్నడు. చీకట్ల, వానల, ఫోన్ లైటు పట్టుకుని షీటు తీసి పేర్లు పిలిచిండు. ధాత్రి పేరు వచ్చింది.

సెరీనా సప్పున అన్నది, "ఉన్నది సార్, బాత్రూంకు పోయింది."

ఆ పిల్ల ఆలోచించి అన్నది కాదు. రోజు రాత్రి పదికి నా ముంగట అనీ అనీ నాలికకు అలవాటైంది. పేరు పిలిచిండ్రు, పిల్ల లేదు, నోరు దానంతట అదే అన్నది. రెండు నిమిషాలల్ల వస్తది గద అనుకున్నది. అంతల ఎవ్వలో ఎన్కకెల్లి నూకిండ్రు, ముంగటి వ్యాన్ల పడ్డది. ధాత్రి ఎనుక వ్యాన్ల ఎక్కి ఉంటది అనుకున్నది. సారు టిక్ పెట్టుకున్నడు. వ్యాన్లు కదిలినయ్.

వాన జర తగ్గినంక ధాత్రి దిగొచ్చింది. టెంట్లు ఉన్నయ్. మనుషులు లేరు. మంట ఆరిపోయి పొగ వస్తున్నది. సెరీనా అని పిలిచింది, సారూ అని పిలిచింది. ఎవ్వలు పలకలే. ఒక టెంటు జిప్పు తీసి చూసింది... దుప్పటి ఉన్నది, మనిషి లేదు. రెండోది తీసింది. మూడోది తీసింది. 

అప్పుడు... చెట్ల సందుల లాంతరు.

ముందు వెలుతురు కనబడ్డది. ఎన్క తెల్లచీర. మెల్లగ, సప్పుడు లేకుంట, టెంట్ల దిక్కు వస్తున్నది. నడుమల ఆగింది. లాంతరు పైకెత్తి ఈ పిల్ల దిక్కు చూసింది.

ధాత్రి ఉరికింది. తొవ్వ చూసుకోలే, చెప్పులు చూసుకోలే. ఎన్కకెల్లి గొంతు, "బిడ్డా... ఓ బిడ్డా..." ఇంక జోరుగ ఉరికింది. కాలి కింద భూమి లేదు. పడ్డది.

ఆ గుట్ట మీద వాన నీళ్ళు ఆగేటందుకు కందకాలు తవ్విండ్రు. ఏడెనిమిది ఉంటయ్, ఒక్కోటి మన గల్లీ అంత పొడుగు. మీద గడ్డి మొలిచి, ఏది గడ్డో ఏది గుంతో తెల్వదు. ఆ పిల్ల దాంట్ల పడ్డది. ఎడమకాలు మడమ పైన విరిగింది. చేతిల ఫోన్ యాడనో ఎగిరిపడ్డది. మోకాలు దాక నీళ్ళు. పై నుంచి గొంతు ఇంక పిలుస్తున్నది. చున్నీ నోట్ల కుక్కుకుని గమ్మున కూసున్నది.

పదకొండుంబావుకు నా ఫోన్ మోగింది. తెల్వని నంబరు. ఆడగొంతు, చెవిల చెప్పినట్టు మెల్లగ, "అమ్మా... నీ పిల్ల ఒకతి ఈడ అడవిల పడ్డది."

నాకు ఒళ్ళు మండింది. నా పిల్లలందరి లెక్క నా కాడ ఉన్నది, నువ్వెవ్వలు అన్న. ఆమె చెప్పింది, తొవ్వల ఫోన్ దొరికింది, కవరు ఎన్క ఒక ఫోటో కార్డు ఉన్నది, దాని మీద నీ నంబరున్నది, సిగ్నల్ కోసం గుండెక్కి చేస్తున్న అని. పేరు చదువు అంటే చదువు రాదు, అంకెలే తెల్సు అన్నది. ఫోటో ఎట్లున్నదని అడిగిన. "సన్నపు మొకం. కుడి కనుబొమ్మ మీద మచ్చ."

ధాత్రి. రిజిస్టర్ తీసిన. ఊరికి అని నా రాతే ఉన్నది. మొదలు భయం, దాని ఎనకాలనే గుస్స. ఎంత అబద్ధం చెప్పింది నాకు!

సెరీనాకు ఫోన్ మీద ఫోన్ చేసిన. అర్ధగంటకు కలిసింది. ధాత్రి ఏదే అంటే, నాకు సుత అదే మాట, ఉన్నదక్కా, ఎన్క వ్యాన్ల పండుకున్నది అని. నీ దేవుని మీద ఒట్టేసి చెప్పు అన్న. చెప్పలే. వ్యాన్లు ఆపించింది, దిగి చూసింది. ధాత్రి లేదు. ఏడుపు అందుకున్నది. సారు ఫోన్ గుంజుకుని, మేడం, నా షీట్ల టిక్ ఉన్నది మేడం అంటడు.

"ఆ టిక్‌ను తీసుకపోయి వాళ్ళ నాయినకు అప్పజెప్తవా?" అన్న.

వందకు ఫోన్ చేసిన. పంపుతున్నం, వాగు పొంగింది, జర ఆలస్యమైతది అన్నరు. మన గేటు ముంగట కారు పెట్టుకుంటడు చూసిండ్రా, కేదార్, వాన్ని లేపిన. పేరు వినంగనే, అక్కా, గది దయ్యాల గుట్ట, రేపు పొద్దుగాల పోదాం అన్నడు. ఇంతకంటే పెద్ద దయ్యం నీ ముంగటనే ఉన్నది, తియ్యి బండి అన్న. తీసిండు.

రెండున్నరకు క్యాంపు కిందనే ఉన్న వాగు కాడ ఆగినం. వాగు అవతలికి బండి పోదు. మోకాటి నీళ్ళల్ల దిగి దాటినం. చీకటి... కప్పల సప్పుడు తప్ప ఏం లేదు. కేదార్ నా కొంగు పట్టుకుని నడుస్తుండు, ఇంత మీసం పెట్టుకుని.

మలుపు తిరిగినం. చెట్ల సందుల లాంతరు. తెల్లచీర.

కేదార్ కొంగు ఇడిచిపెట్టిండు. ఎన్కకు తిరిగి చూస్తే లేడు, వాగు దిక్కు ఉరుకుతున్న కాళ్ళ సప్పుడు వినబడ్డది. నేను ఉరుకలే. ధైర్యముండి కాదు, కాళ్ళు రాలే. ఆ ఆకారం నా దగ్గరికి వచ్చింది. లాంతరు దించింది. యాభై ఏండ్ల ఆడమనిషి, వానకు తడిసి పండ్లు కొట్టుకుంటున్నయ్.

"నేనే అమ్మా, ఫోన్ చేసింది. చంద్రమ్మను."

గీ చీర ఏంది అన్న. డ్యూటీ చీర అన్నది.

వినుండ్రి, గదీ దయ్యం. కింది ఊరామె. పొద్దంత క్యాంపుల గిన్నెలు తోముతది, రాత్రయితె దయ్యమైతది. మేనేజరు కథ చెప్పినంక లాంతరు పట్టుకుని చెట్లల్ల రెండు సుట్లు తిరగాలె, గంతే. ఆ గుండుకు పిలుపుగుండని పేరు పెట్టింది సుత వాడే. ఊరోళ్ళకు అది మేకలగుండు, చంద్రమ్మ చిన్నప్పటి సంది దాని మీదనే మేకలు కాసింది. ఆ రాత్రి వానకు ఆట రద్దు అయిందని ఆమెకు ఎవ్వలు చెప్పలే. టైముకు చీర కట్టుకుని బయల్దేరింది. ఒంటరి పిల్ల కనబడ్డది. అయ్యో, ఈ పిల్లను ఇడిచిపోయిండ్రని, బిడ్డా అని పిలిచింది. ఎంత పిలిస్తే అంత ఉరికింది. నేను మనిషినే బిడ్డా అని అరిచిందట. దయ్యం చీర కట్టుకుని మనిషినంటే ఎవ్వలు నమ్ముతరు?

మేనేజరుకు చెప్పలేదా అన్న. చెప్పిందట. లెక్క సరిపోయింది, పోయి పండుకో అన్నడట వాడు.

నేను టెంట్లకు దూరంగున్న వాని రూముకు పోయి తలుపు తన్నిన. కండ్లు నలుచుకుంట వచ్చిండు. ఇక్కడ లైట్లు ఏవిరా అంటే, లైట్లు పెడితే మజా పోతది మేడం, హారర్ నైట్ ప్యాకేజిల ఉన్నది, పిల్లలే అడుగుతరు అన్నడు. నలుగురు కావలివాళ్ళను పెట్టాల్సిన కాడ ఒక దయ్యాన్ని పెట్టిండు. దయ్యం భయానికి పిల్లలు టెంట్లు దాటరు, వీనికి ఫికర్ లేదు. చెప్పు తీద్దామనుకున్న. ఆ పిల్ల గుర్తొచ్చి, తాడు, టార్చి పట్టుకుని నడువుమన్న. నడిచిండు. వాగు కాడికెల్లి కేదార్ సుత మెల్లగ వచ్చిండు, మొకం చూపలేక చూపిచ్చుకుంట.

మల్ల వాన అందుకున్నది. కందకాలల్లకు గుట్ట మీది నీళ్ళు సర్రున దిగుతున్నయ్. చంద్రమ్మ చూపెట్టింది, ఫోన్ చేసేటప్పుడు మోకాలు లోతు ఉన్నయి, ఇప్పుడు నడుము దాటుతున్నయ్. నేను తొందరపడ్డ. తెల్లారేదాక ఆగితే పిల్ల దక్కదు.

"ధాత్రీ! నేను స్వరాజ్యం అక్కను. యాడున్నవే, పలుకు."

ఏం లేదు. నీళ్ళ సప్పుడు.

చంద్రమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగ అన్నది, మీరు రాకముందు ఇటుదిక్కు మూలుగు వినబడ్డది అని. చెవులు పెట్టి విన్న. లేదు. మల్ల పిలిచిన. ఒక కందకం, రెండో కందకం, మూడోది. గడ్డి తీసి టార్చి కొట్టి చూసుడు, పిలుసుడు. గొంతు బొంగురు పోయింది. ఒకపారి... ఎడమదిక్కు దూరంల ఎవ్వలో ముక్కినట్టు నేను సుత విన్న. ఆ దిక్కు తిరిగి ఇంక గట్టిగ పిలిచిన. అంతే, ఆగిపోయింది.

నాకు తెల్సిపోయింది. బతికే ఉన్నది. వింటున్నది. కాని పలుకుతలేదు. మీ అమ్మ గొంతైనా పలకొద్దు అన్న మాట చెవుల పడి, నన్ను సుత దయ్యమనుకుంటున్నది. నీళ్ళు పైకి వస్తున్నయ్, ఈ పోరి మొండికేసి కూసున్నది. భయం, గుస్స రెండు కలిసి నెత్తికెక్కినయ్. ఏం చెయ్యాల్నో తోచలే. పదకొండేండ్ల సంది ఏ పిల్ల మాట వినకున్నా నా కాడ ఉన్న మాట ఒక్కటే. అదే అరిచిన.

"ధాత్రీ, ఆఖరుసారి చెప్తున్న. పలకకుంటే గిప్పుడే మీ నాయినకు ఫోన్ చేస్త."

అడివంత విన్నది. ఆ పిల్ల మాత్రం పలకలే. ఇగ మూలుగు సుత రాలే.

చంద్రమ్మ నా మొకం దిక్కు చూసింది. "అమ్మా... జర నువ్వు గమ్మునుండు. నన్ను ఒక్కదాన్నే పోనియ్యి."

నిన్ను చూసే గద ఆ పిల్ల పడ్డది, మల్ల నువ్వెందుకు అని కసిరిన.  ఆమె టార్చి ఆర్పుమన్నది. మేనేజరును, కేదార్‌ను ఎన్కకు జరుగుమన్నది. లాంతరు ఎత్తుకుని ఎడమదిక్కు పోయింది.

నేను చీకట్ల నిలబడ్డ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న, నా ఊపిరే నాకు వినబడుతున్నది. లాంతరు దూరమైంది. నిజం చెప్తున్న, ఆమె ఎవ్వలో తెల్సి, ఆమెతోని మాట్లాడి సుత, ఆ వానల ఆ తెల్లచీర అట్ల పోతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆమె పిలుస్తలేదు. ఒక్క మాట అంటలేదు. కందకం ఒడ్డు పట్టుకుని, నాలుగడుగులు వేస్తది, ఆగుతది. నాలుగడుగులు... ఆగుతది.

ఒకకాడ కూసున్నది. లాంతరు నేల మీద పెట్టింది. చెయ్యి గుంతల పెట్టి అట్లనే ఉన్నది. ఎంతసేపో. గడియారం చూస్తె రెండు నిమిషాలేమో, నాకు మాత్రం తెల్లారేంత పొద్దు అయినట్టు ఉండె.

గడ్డిలకెల్లి ఒక చెయ్యి లేచింది. నిండ బురద. మెల్లగ, వణుక్కుంట వచ్చి... ఆ తెల్లచీర కొంగు పట్టుకున్నది.

ఉరికినం. తాడు కట్టి కేదార్ దిగిండు, మేనేజరు పైకెల్లి గుంజిండు. నీళ్ళు ఛాతి దాక ఉన్నయ్. పెదవులు నీలమైనయ్, ఒళ్ళు మంచుగడ్డ. పిల్లలు టెంట్లల్ల ఇడిచిపోయిన దుప్పట్లన్ని కప్పినం. చంద్రమ్మ ఆ పిల్ల కాళ్ళు ఒళ్ళె పెట్టుకుని రుద్దుతనే ఉన్నది. వాగు కాడికి వచ్చేసరికి పోలీసు జీపు సుత చేరుకున్నది. వాళ్ళే అవతలికి మోసిండ్రు. మేనేజరును ఆడనే నిలబెట్టి అడుగుడు మొదలుపెట్టిండ్రు.  దారి పొడుగూత ఆ పిల్ల నా దిక్కు చూడలే.

పంజగుట్ట దవాఖానకు వచ్చేసరికి ఎనిమిదైంది. కాలుకు కట్టు కట్టిండ్రు. ఇంకో గంటైతే చేతికి దక్కకపోవునమ్మా అన్నడు డాక్టరు. బయట బెంచీ మీద విజయేందర్ సారు షీటు పట్టుకుని కూసున్నడు, ఇంక ఆ షీటే. సెరీనా గోడకు ఆనుకుని ఏడుస్తున్నది. ఇద్దరిని చెరొక మాట కడిగిపారేసిన.  సెరీనా ఒక్కటే అన్నది, "తెల్వకుంట వచ్చింది అక్కా, నోట్లకెల్లి."

తర్వాత లోపటికి పోయిన. నా గుస్స ఇంక సల్లారలే. రాత్రంత పడ్డ భయమంత గుస్సనే అయింది. ధాత్రి గోడదిక్కు తిరిగి పండుకుని ఉన్నది. ఫోన్ నా చేతిలనే ఉన్నది, పోచయ్యకు ఇంక చెయ్యలే. ముందు నా మాటలు అయినంక చేద్దామనుకున్న.

ఎన్ని అనాల్నో అన్ని అన్న. ఊరికి పోతున్న అని నాకే అబద్ధం చెప్తవా అన్న. ఆ మేనేజరు చెప్పిన కతలు నమ్మి ప్రాణం తీసుకుంటుంటివి గదనే అన్న. దయ్యానికి, నాకు తేడా తెల్వదా, రోజు రాత్రి వినే గొంతు గుర్తుపట్టలేవా అన్న.

ఆ పిల్ల గోడదిక్కే ఉండి అన్నది, "గుర్తుపట్టినక్కా. మొదలు పిలిచినప్పుడే గుర్తుపట్టిన."

నేను ఆగిన. మరి ఎందుకు పలకలేవే అన్న.

 దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంటున్నది. బయట మెట్రో పోయిన సప్పుడైంది.  మెల్లగ అడిగిన, చంద్రమ్మ మనిషేనని అప్పటికి తెల్సిందా, అందుకే ఆమె కొంగు పట్టుకున్నవా అని.

"లేదక్కా. దయ్యమనే అనుకున్న." అప్పుడు ఇటు తిరిగింది. నా మొకం చూడలే, నా చేతిల ఫోన్ చూసింది. "దయ్యం మా నాయినకు ఫోన్ చెయ్యదు గద."